మా బడి శానిటైజర్ స్టాండు గారికి

మహారాజశ్రీ కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు గారికి, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల సైన్సు టీచర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం. మీరు కూడా స్టాఫ్ రూమ్ మూలన, పగిలిన గ్లోబు పక్కన, మా గొడుగులు మోస్తూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీరు మా గేటు దగ్గర అడుగుపెట్టిన రోజును ఎలా మరిచిపోతాం! 2021 ఫిబ్రవరి 1. కరోనాతో మూతపడ్డాక తెలంగాణలో తొమ్మిది, పది తరగతులకు మళ్లీ బడి తెరిచిన రోజు. పిల్లల చేతుల్లో అమ్మానాన్నల సంతకాలతో అంగీకార పత్రాలు, మీ మెడలో బంతిపూల దండ. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన పెద్దలంతా ఫొటో కోసం మాస్కులు గడ్డం కిందికి లాగి, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. మీ ఒంటి నిండా దాత గారి పేరు, ఆయన వెంచర్ పేరు, ప్లాట్లకు సంప్రదించాల్సిన నంబరు. 'భౌతిక దూరం పాటించండి' అన్న ముక్క మాత్రం చోటు చాలక పెడల్ దగ్గరికి దిగిపోయింది.

మీ సేవను తక్కువ చేసి మాట్లాడను. తన వంతు చాలక స్నేహితుడి వంతు కూడా తొక్కే పిల్లల వల్ల డబ్బా వారం తిరక్కుండానే అడుగంటింది. మళ్లీ నింపే ఊసు దాత గారి ప్రసంగంలో లేదు. అయినా పిల్లలు అలవాటు కొద్దీ మిమ్మల్ని తొక్కి, ఉత్త చేతులు బుద్ధిగా రుద్దుకుని లోపలికి వచ్చేవాళ్లు. అంత శ్రద్ధ నా పాఠం మీద ఏనాడూ చూడలేదు.

మీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు మీ వెనకాల, ఫొటోలో పడని చోట, బోరు మోటరు కాలిపోయి ఉంది. సబ్బు తగిలితే వైరస్ పైనున్న కొవ్వు పొర చెదిరిపోతుందని తొమ్మిదో తరగతికి పాఠం చెప్పి కుళాయి తిప్పమంటే, బుస్సుమని గాలి వచ్చేది. బడి ఊడ్చే పని పంచాయతీ కార్మికులకు అప్పగించారు. ఊరి చెత్తంతా ఎత్తాక ఓపిక మిగిలితే వచ్చేవాళ్లు, పాపం.

ఆ మోటరుకు వైండింగ్ చేయించింది మా పాత పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. అందులో ఒకాయన ఆటో నడుపుతాడు, ఒకామె బీడీలు చుడుతుంది, ఇద్దరు దుబాయ్‌లో ఉంటారు. గోడ పొడవునా కుళాయిలు పెట్టించారు. సబ్బులు ఇంటికి పోకుండా ఉల్లిగడ్డల వల సంచుల్లో వేసి కుళాయిలకు కట్టారు. మరుగుదొడ్లు కడగడానికి ఇద్దరు ఆడవాళ్లను మాట్లాడి నెలనెలా జీతం పంపారు. నెలనెలా, స్టాండు గారూ! రిబ్బన్ కత్తిరించే వీలు లేని దానం.

ఇక కిటికీలు. కోతుల భయానికి మేకులు కొట్టి ఏళ్ల తరబడి మూసేసిన కిటికీలు మావి. మార్చి 24న బళ్లు మళ్లీ మూతపడ్డాయి. మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఒక సలహాపత్రం ఇచ్చింది: తుంపర్లు 2 మీటర్ల లోపే రాలిపోయినా, ఏరోసోల్స్ అనే సన్నటి తుంపర కణాలు గాలిలో 10 మీటర్ల దాకా పోగలవు, కిటికీలు తలుపులు తెరిచి ఉంచండి అని. దాన్ని గ్రూపులో పెట్టాను. సెప్టెంబర్ 1న బడి తెరిచే నాటికి ప్రతి కిటికీకీ ఇనుప జాలీ వచ్చింది. మేకులు పీకేశాం. వెనక బెంచీ దాకా గాలి ఆడింది. కోతులు జాలీ పట్టుకుని వేలాడుతూ బయటి నుంచే లెక్కల పాఠం విన్నాయి.

జాలీ మీద పేరు రాయించే వీలు లేదు, అన్నీ చిల్లులే. శాలువా కప్పుదామని హెచ్ఎం గారు గ్రూపు వాళ్లను పిలిస్తే, "ఆ పైసలతో ఫినాయిల్ కొనండి సార్" అన్నారు. జిల్లా పేజీలో వార్తకు బొత్తిగా పనికిరాని మనుషులు.

మీరు మాత్రం స్టాక్ రిజిస్టర్‌లో పదిలంగా ఉన్నారు. తనిఖీ ఉన్నప్పుడల్లా గొడుగులు తీసేసి, మీ దుమ్ము దులిపి, గేటు దగ్గర నిలబెడుతున్నాం.

ఇట్లు,
మీ గొడుగుల యజమాని

తా.క.: మీ దాత గారు మొన్న ఫోన్ చేశారు. మీ మీద పేరు వెలిసిపోయిందని ఎవరో చెప్పారట, మళ్లీ రంగు వేయించమన్నారు. రంగు డబ్బాతో పాటు నాలుగు సబ్బులు కూడా పంపమన్నాను. లైన్ కట్ అయింది.