రియాక్టర్‌లో పోసిన సాల్వెంట్ ఎటు పోతోంది?

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు రాత్రిపూట వెళ్లినవాళ్లకి ఆ వాసన తెలుసు. కారు అద్దాలు ఎక్కించేస్తాం, రెండు కిలోమీటర్లు దాటాక మర్చిపోతాం. ఆ వాసన ఒక కంపెనీ డబ్బు పోసి కొన్న సాల్వెంటే, అంటే మందు తయారీలో రసాయనాల్ని కరిగించే ద్రవమే అని, మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ ప్లాంటులో షిఫ్టులు చేసిన నాక్కూడా చాలా ఆలస్యంగా తట్టింది.

ఎండీసీనే తీసుకోండి. డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ అన్నమాట, దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన ఎండే అంతకు మించి ఉంటుంది కదా! మా ప్లాంటులో డిస్టిలేషన్‌కి కూలింగ్ టవర్ నీళ్లే తిప్పేవాళ్లం, అవే 32, 33 డిగ్రీలుండేవి, ఇక ఆవిరి పూర్తిగా చల్లబడేదెక్కడ, మిగిలింది వెంట్ పైపు దారి పట్టేది. తర్వాత మైనస్ 10 డిగ్రీల బ్రైన్‌తో, అంటే గడ్డకట్టని ఉప్పు ద్రావణంతో, ఆవిరిని చల్లబరిచి మళ్లీ ద్రవం చేసే రెండో కండెన్సర్ బిగించారు. కొన్నాళ్లకి స్టోర్స్ ఆయనే వచ్చి "ఈ నెల ఎండీసీ ఇండెంట్ తగ్గిందేంటి సార్?" అని అడిగాడు, ఇండెంట్ అంటే స్టోర్స్‌కి మేం పెట్టే సరుకు కోరిక. షెడ్డులో హెల్పర్లకి తలనొప్పులూ తగ్గాయి.

రోజర్ షెల్డన్ 1992లో ఇ-ఫ్యాక్టర్ అనే లెక్క ముందుకు తెచ్చారు. కిలో సరుకు తయారీకి ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందన్నదే ఆ లెక్క. చమురు శుద్ధిలో అది 0.1 లోపే, మందుల్లో మాత్రం 25 నుంచి 100 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందులో సింహభాగం సాల్వెంట్లే. ఫైజర్ కంపెనీ సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు తయారీలో మూడు దశల్ని ఒకటిగా కుదించి ఇథనాల్‌కి మారితే టన్నుకి 60,000 గ్యాలన్ల సాల్వెంట్ 6,000కి దిగింది, దిగుబడి రెట్టింపయింది, 2002లో అమెరికా గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది.

కానీ లాభం, పర్యావరణం ప్రతిచోటా కలిసి నడుస్తాయని నేను చెప్పను. ప్లాంటు నుంచి వచ్చే ఉప్పు వ్యర్థజలాల సంగతి చూడండి. వాటిని ఎంఈఈలో, అంటే దశలవారీగా నీళ్లని ఆవిరి చేసే యంత్రంలో, ఆవిరి చేయాలంటే బాయిలర్‌లో బొగ్గు కాలాలి, చివరికి మిగిలిన ఉప్పుని కొనేవాడుండడు. రూపాయల్లో మాత్రమే లెక్కేస్తే అన్నిటికంటే చవకైన దారి పక్కనున్న వాగే. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పొలాలు పాడైంది ఆ లెక్కవల్లే. ఇక్కడ కంపెనీ మంచితనం మీద ఆధారపడితే కుదరదు, వాగులో వదలడం శుద్ధి కంటే ఖరీదయ్యేలా జరిమానా ఉండాలి, అది కచ్చితంగా వసూలవ్వాలి.

2007లో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్తల అధ్యయనంలో, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. రోజుకి దాదాపు 45 కిలోల మందు! యాంటీబయాటిక్‌కి లొంగని బ్యాక్టీరియాని పెంచిన ఆ మందు, అసలైతే డబ్బాల్లోకెక్కి అమ్ముడుపోవాల్సిన సరుకు.

అందుకే పైపు చివర నీళ్లు పట్టి పరీక్షిస్తే చాలదంటాను. బ్యాచ్‌లోకి ఏ సాల్వెంట్ ఎంత వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది, మధ్యలో తగ్గింది గాలికా, నీళ్లకా, డ్రైయర్‌కా అన్న లెక్క కాలుష్య నియంత్రణ బోర్డు అడగాలి. ప్లాంట్ మేనేజర్ అంతకంటే ముందే అడగాలి. మా షిఫ్ట్ లాగ్‌బుక్‌లో దిగుబడికి గడి ఉండేది, స్టీమ్‌కి ఉండేది, కరెంటుకి ఉండేది. పోయిన సాల్వెంట్‌కి మాత్రం లేదు.