వేసవి సెలవులు ఊరికే రావు

జూన్ 12న బడులు తెరిచే రోజు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పాతపట్నం బస్సెక్కితే ఈ మాట వినబడి తీరుతుంది: "మాస్టారికేటి, రెండు నెల్లు కూకోబెట్టి జీతమిచ్చేరు." బస్సంతా నవ్వుతుంది. మాస్టారూ నవ్వేసి ఊరుకుంటారు, అంతమందిలో లెక్కలు విప్పే ఓపిక ఎవరికుంటుంది? మా ఆవిడ టీచరు, కాబట్టి నన్ను తటస్థుడిగా అనుకోనక్కర్లేదు. లెక్క మాత్రం చూడండి.

ముందు, రెండు నెలలు కాదు. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, 49 రోజులు. అవి ఊరికే వచ్చినవీ కావు. మా ఆవిడ సర్వీసు రిజిస్టరులో ఈఎల్ (ఉద్యోగంలో సంపాదించుకునే సెలవుల) పేజీ తీస్తే జనవరి 1న 3, జూలై 1న 3 అని ఉంటుంది. అంటే ఏడాదికి ఆరు. మా పక్కింటి ఆయన రెవెన్యూలో గుమాస్తా. ఆయనకి అవే తేదీల్లో 15, 15 పడతాయి. టీచర్లది 'వెకేషన్ డిపార్ట్‌మెంట్', అంటే ఏటా సెలవులుండే శాఖ కదా, ఆ తేడా 24 రోజులూ వేసవి సెలవుల కింద ముందే కోసేసుకున్నట్టు.

ఈఎల్ అంటే సెలవు మాత్రమే కాదు, డబ్బు కూడా. రిటైరయ్యేటప్పుడు 300 రోజుల వరకు నగదుగా ఇస్తారు. గుమాస్తా ముట్టుకోకుండా దాచుకుంటే పదేళ్లలో 300 నిండిపోతాయి. టీచరు 35 ఏళ్లు ఒక్కటీ వాడకపోయినా 210 దగ్గర ఆగుతుంది. మధ్యలో 15 రోజులు సరెండర్ చేసి డబ్బు తీసుకోవాలన్నా రెండున్నరేళ్లు కూడబెట్టాలి.

ఆ సెలవులైనా పూర్తిగా చేతికొస్తాయా అంటే, 2024 మే 13న పోలింగ్ బూత్‌లలో కూర్చున్నది ఎవరో గుర్తు చేసుకోండి. సెలవుల్లో డ్యూటీ చేస్తే ఆ రోజుల లెక్కన ఈఎల్‌లు కలపాలని రూలుంది. కలపడానికి డ్యూటీ సర్టిఫికెట్ కావాలి, ఆపైన ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు కావాలి. మా ఇంటి కాగితం ఒక ఆఫీసులో ఏ ఫైలు కింద ఉందో అడిగి అడిగి మేమే మానేశాం. తుపాను సెలవులదీ ఇదే కథ. మన తీరంలో అక్టోబరు వస్తే భయమే, 2018లో తిత్లీ వచ్చిందీ ఆ నెలలోనే. వానకి బడి మూస్తే తర్వాత రెండో శనివారాలు పెట్టి పూడుస్తారు.

ఇక జీతం స్కేలు. 2022 పీఆర్‌సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీకి, అంటే చిన్న తరగతుల సెకండరీ గ్రేడ్ టీచరుకి, నెల బేసిక్ 32,670–1,01,970, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటుకి 44,570–1,27,480. జనం చూసేది ఆ లక్ష దాటిన అంకె. మొదటి ఏడాది తర్వాత ఎస్జీటీకి పెరిగేది 920 రూపాయలని ఎవరూ చూడరు. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోతే ఆరేళ్లకోసారి వచ్చే ఏఏఎస్ (ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ఇంక్రిమెంట్లే కాస్త ఊరట. ఈ స్కేళ్లు 2018 జూలై నాటి లెక్క మీద కట్టినవి, అయిదేళ్లకోసారి మారాలి.

నన్నడిగితే అసలు తిరకాసు ఇంటద్దె అలవెన్సు (హెచ్ఆర్ఏ) దగ్గర ఉంది. విజయనగరం టౌన్‌లో 16 శాతం, పల్లెలో 10 శాతం. 32,670 బేసిక్ మీద తేడా నెలకి 1,960 రూపాయలు. అద్దె తక్కువ ఊళ్లో అలవెన్సూ తక్కువ అనడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పిల్లల చదువు కోసం టౌన్‌లో కాపురం పెట్టి, రోజూ బండి మీద ఏ మెంటాడ వైపో వెళ్లి వచ్చే టీచరు టౌన్ అద్దె కడుతూ పల్లె అలవెన్సు తీసుకుంటాడు, పెట్రోలు అదనం. కష్టమైన ఊరికి వెళ్లినవాడికే చేతికి తక్కువ వస్తోంది. ఆ లోటుకి బదిలీల్లో ఎక్కువ పాయింట్లు ఇస్తారు నిజమే, పాయింట్లతో పెట్రోలు బంకులో పని జరగదు కదా.

అంతకన్నా ఇబ్బందైన సంగతి ఒకటుంది. 1998 డీఎస్సీలో (టీచర్ల ఎంపిక పరీక్షలో) అర్హత సాధించి, పాతికేళ్లు ఎదురుచూసి, 2023లో ఉద్యోగంలో చేరినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. చాలామందికి అప్పటికే యాభై దాటింది. వాళ్లకిచ్చింది మినిమం టైమ్ స్కేలు, అంటే స్కేలులో అట్టడుగు అంకె, అదే 32,670. పక్క కుర్చీలో కొత్తగా చేరిన కుర్రాడికి అది మొదటి మెట్టు. ఈ 1998 వాళ్లకి ఇంక్రిమెంటు, డీఏ (కరువు భత్యం), హెచ్ఆర్ఏ ఏదీ లేకుండా మొత్తం జీతమే అది. జూన్ 12 బస్సులో వాళ్లూ ఉంటారు, ఆ జోకు వాళ్ల మీదా పడుతుంది.