మరికాసేపట్లో ఒప్పందం!

టీవీ తెర మూలన ఎర్ర గడియారం ఒకటి వెనక్కి తిరుగుతోందంటే, ప్రపంచంలో ఎక్కడో ఇద్దరు అధికారులు సుంకాల గురించి మాట్లాడుకుంటున్నారని అర్థం. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వాళ్ల ఇళ్లలో కూడా తెలియదు. మన స్టూడియోలో కూర్చున్న నలుగురికి మాత్రం తెలుసు.

2025 ఏప్రిల్ నుంచి భారత్, అమెరికా వాణిజ్య ఒప్పందం ఇలా 'మరికాసేపట్లో' కుదురుతూ వచ్చింది. ఏప్రిల్ 2న ట్రంప్ గారు ఒక అట్ట పట్టుకుని దేశాల పేర్లు చదివి మనకు 26 శాతం సుంకం వడ్డించారు. వారం తిరిగేసరికి 90 రోజులు ఆగుతానన్నారు. గడువు జులై 9 అయింది, తర్వాత అదే ఆగస్టు 1కి జరిగింది. గడువు దగ్గర పడ్డ ప్రతిసారీ నిపుణులు వచ్చి 'దాదాపు ఖరారు' అని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. మధ్యలో జూన్ 26న, భారత్‌తో చాలా పెద్దది ఒకటి రాబోతోందని ట్రంప్ గారే సెలవిచ్చారు. ఇంకేం, స్టూడియోలలో పండగే. నిజంగానే పెద్దది వచ్చింది. జులై 30న 25 శాతం ప్రకటించారు. రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 6న ఇంకో 25 కలిపారు.

ఉగాదినాడు గుళ్లో పంచాంగం చదివే సిద్ధాంతిగారిని మనం అనవసరంగా ఆట పట్టిస్తాం గానీ, ఆయన ఎంతో నయం. ఆదాయం 2, వ్యయం 14 అంటే అంతే. మళ్లీ ఉగాది దాకా మాట మార్చడు. మన నిపుణుడు ఏడు గంటల బులెటిన్‌లో రాజపూజ్యం, తొమ్మిది గంటల చర్చలో అవమానం చెప్పి, రెండూ తాను ముందే చెప్పానంటాడు. పైగా సిద్ధాంతిగారు టై కట్టుకోరు.

ఆగస్టు 26 రాత్రి నాటి చర్చలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ 50 శాతం అమల్లోకి వచ్చేది వాషింగ్టన్‌లో 27వ తేదీ అర్ధరాత్రి దాటిన ఒక నిమిషానికి. అంటే మనకు ఉదయం 9.31. స్టూడియో గడియారాన్ని మాత్రం మన అర్ధరాత్రికే పెట్టారు. వాషింగ్టన్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టారు. వెనక డప్పుల మోత. సున్నా పడింది. తెర నిండా 'ముగిసిన గడువు' అని మంటలు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. యాంకర్ గబగబా డల్లాస్ కిటికీ వైపు తిరిగాడు.

డల్లాస్ కిటికీలో ఉన్నాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమెరికాలో ఉంటాడు కాబట్టి అమెరికా నిపుణుడు. ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఫోన్ స్టీరింగ్‌కి ఆనించి మాట్లాడుతున్నాడు.

"అక్కడ పరిస్థితి ఎలా ఉందండీ?"

"ఇప్పుడే లంచ్ అయిందండి."

"అంటే టెన్షన్ వాతావరణం నెలకొందంటారు?"

"ఎండ మాత్రం బాగా ఉందండి."

తెర కింద వెంటనే స్క్రోలింగ్ పడింది: అమెరికాలో వేడెక్కిన వాతావరణం.

పక్క కిటికీలో అంతర్జాతీయ వ్యవహారాల విశ్లేషకుడు. పోయిన వారం అదే కుర్చీలో అల్పపీడనం గురించి మాట్లాడింది ఈయనే. ఫిబ్రవరిలో మోదీ, ట్రంప్ కలిసినప్పటి ఫొటో ఒకటి తెర మీద వేయించుకుని, ట్రంప్ బొటనవేలు ఉన్న తీరు చూస్తే ఒప్పందం ఖాయమని తేల్చాడు. ఆరు నెలల కిందటి బొటనవేలు! అధికార పార్టీ ప్రతినిధి ఒప్పందం కుదిరితే చారిత్రకం అన్నాడు, కుదరకపోతే ఆత్మగౌరవం అన్నాడు. ప్రతిపక్ష ప్రతినిధి కుదిరితే లొంగుబాటు, కుదరకపోతే వైఫల్యం అన్నాడు. నలుగురిలో ఒక్కరు కూడా చెప్పని సంగతి ఏమిటంటే, ఆ రాత్రి చర్చలే జరగడం లేదు. ఆగస్టు 25న ఢిల్లీ రావలసిన అమెరికా బృందం రానేలేదు. ఎవరూ కూర్చోని బల్ల దగ్గర ఎవరు మెత్తబడుతున్నారో వీళ్లు రెండు గంటలు చర్చించారు.

ఈ విద్యలో తప్పు దొరకదు. 'సూత్రప్రాయంగా' అన్న ఒక్క ముక్క చాలు, ఏ సంతకానికైనా సంతకం లేకపోవడానికైనా సరిపోతుంది. గడువు పెట్టుకుని ఒప్పందాలు చేసుకునే అలవాటు మనకు లేదని వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ జులైలోనే తెలుగువాడికి కూడా అర్థమయ్యేంత సూటిగా చెప్పారు. 'అంటే గడువులోపే చేస్తారన్నమాట' అని వ్యాఖ్యానం వచ్చింది.

కాస్త వెనక్కి చూస్తే ఈ పిచ్చి కుదిరేదేమో. 2008 జులైలో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రులు కూర్చున్నప్పుడు 20 అంశాల్లో 18 దాదాపు తేలిపోయాయి. నూటికి తొంభై మార్కులు. మన పిల్లాడికి వస్తే వీధంతా స్వీట్లు పంచుతాం. పందొమ్మిదో అంశం, దిగుమతులు వరదలా వచ్చిపడితే పేద దేశాల రైతుల కోసం సుంకం పెంచుకునే వెసులుబాటు. దాని దగ్గర అమెరికా ఒకవైపు, మన అప్పటి వాణిజ్య మంత్రి కమల్‌నాథ్ ఒకవైపు బిగుసుకుపోయారు. మొత్తం కూలిపోయింది. 2022 ఏప్రిల్‌లో అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ ఢిల్లీ వచ్చి బ్రిటన్‌తో ఒప్పందానికి దీపావళి గడువు పెట్టారు. దీపావళి వచ్చేసరికి ఆయనే పదవిలో లేరు. ఆయన తర్వాత వచ్చినావిడా రాజీనామా చేసేసింది. ఒప్పందం మీద సంతకాలు 2025 జులై 24న పడ్డాయి. ఏ దీపావళో ఆయన చెప్పలేదు కదా, మనదే తొందర.

ఇదంతా కాలక్షేపం అనుకుని ఊరుకోవచ్చు, చెరువులు లేకపోతే.

దేశంలో పండే రొయ్యల్లో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వి. వాటికి అతిపెద్ద గిరాకీ అమెరికా. ఏప్రిల్ 2న ట్రంప్ అట్ట చదివాడో లేదో, భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువు గట్ల మీద రేటు పడిపోయింది. సుంకం ఇంకా అమల్లోకి రాలేదు. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద సైజు రొయ్య. అయినా వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్యకి కూడా కొనేవాళ్లు రేటు కోసేశారు. అదేమిటయ్యా అంటే, 'టీవీ చూడలేదా, డీల్ కష్టమంట' అని జవాబు. ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. వారానికి వాయిదా ప్రకటన వచ్చింది. కోసిన వేగంతో తిరిగి పెంచడం మాత్రం ఎవరికీ చేతకాలేదు. జోస్యం నిజమైతే నష్టం రైతుది, అబద్ధమైతే లాభం కొనేవాడిది. ఇంత సిగ్గులేని బేరం ఇంకెక్కడైనా ఉంటుందా?

ఆగస్టుకి పాత సుంకాలతో కలిపి మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. పోటీదారు ఈక్వెడార్‌కి కొత్తగా పడ్డది 15. ఆ లెక్క ఏ చర్చలోనూ అర నిమిషం నిలబడలేదు, బొటనవేలికి పావుగంట దొరికింది. 'మినీ డీల్ వచ్చేస్తుందంట, రేటు లేస్తుందంట' అని చెరువులో రొయ్యల పట్టుబడి ఆపుకున్న రైతు రోజూ మేత వేయాల్సిందే. రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరగాల్సిందే, కరెంటు పోతే డీజిల్ పోయాల్సిందే. తెల్లవారుజామున, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. రొయ్య తినడం మానేసిందంటే ఏమిటో ఆయనకు ఎవరూ విశ్లేషించి చెప్పనక్కర్లేదు. ఆ పొద్దునే ఏజెంటుకి ఫోన్ చేసి, ఎంతిస్తే అంతకి ఇచ్చేయాలి. మీ 'దాదాపు ఖరారు' ఖరీదు అదీ. మీ రేటింగుల కోసం వాడి అప్పుల మీద డప్పులు కొడతారా?

చివరికి ఆ ఒప్పందం మాట 2026 ఫిబ్రవరి 2న వచ్చింది. మోదీతో ఫోన్‌లో మాట్లాడి, సుంకం 18 శాతానికి దించుతున్నానని ట్రంప్ ప్రకటించారు. ఆ రోజుకి ఏ తెర మీదా గడియారం లేదు. మూడు వారాలు గడవకముందే వాళ్ల సుప్రీంకోర్టు, అత్యవసర అధికారాల పేరు చెప్పి వేసిన ఆ సుంకాలు చెల్లవంది. ఇదీ ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని ఎవరి కుర్చీ కదల్లేదు.

అందుకే నిపుణులకు ఒక మనవి. వచ్చే గడువుకి స్టూడియోకి వెళ్లకండి, కైకలూరు దగ్గర ఓ రెండెకరాల చెరువు లీజుకి తీసుకోండి. రొయ్య పిల్ల వదలండి. 'ఈ రాత్రికే డీల్' అని మీకు గట్టిగా అనిపించిన రోజున పట్టుబడి ఆపేసి, గట్టు మీద మంచం వేసుకుని శుభవార్త కోసం చూడండి. లీజు డబ్బు మాత్రం ముందే కట్టాలి. సూత్రప్రాయంగా ఇస్తామంటే ఆ ఊళ్లో ఒప్పుకోరు.