"బయటివాళ్ళు వెళ్ళిన ఏ దేశమూ బాగుపడలేదు" అనేవాళ్ళు ఒకసారి లైబీరియా వైపు చూడండి

ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: అంతర్యుద్ధం జరిగిన దేశానికి ఐక్యరాజ్యసమితి వెళ్ళి బాగుచేసిన దాఖలా ఒక్కటీ లేదు, సైన్యం ఊరికే నిలబడుతుంది, గబగబా ఎన్నికలు పెట్టేసి వచ్చేస్తారు, ఆ జనం మళ్ళీ కొట్టుకుంటారు, మధ్యలో మనవాళ్ళని పంపడం దండగ అని. అఫ్గానిస్తాన్, లిబియా పేర్లు చెప్పారు. ఆ రెండు చోట్లా దెబ్బతిన్న మాట నిజమే, కానీ "ఒక్కటీ లేదు" అంటే మాత్రం ఒప్పుకోలేను.

పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియా ఉంది. 1989 నుంచి 2003 దాకా, మధ్యలో కొంచెం గ్యాప్‌తో, రెండు యుద్ధాలు, దాదాపు రెండున్నర లక్షల మంది పోయారని అంచనా. 2003 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ దిగిపోయి నైజీరియా వెళ్ళాడు, అదే నెల 18న ఘనా రాజధాని అక్రాలో శాంతి ఒప్పందం అయింది, అప్పట్నుంచీ అక్కడ మళ్ళీ అంతర్యుద్ధం రాలేదు. 2023 ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు జార్జ్ వీయాకి 49.36 శాతం, ప్రత్యర్థి బొకాయ్‌కి 50.64 శాతం వచ్చాయి. అంత తక్కువ తేడాతో ఓడిపోయి కూడా వీయా తనే బొకాయ్‌కి ఫోన్ చేసి అభినందించాడు. ఇరవై ఏళ్ళ కింద తుపాకులతో అధికారం మారిన దేశమండీ అది!

అక్కడికి వెళ్ళిన ఐక్యరాజ్యసమితి సైన్యం ఊరికే నిలబడిందా? లక్ష మందికి పైగా ఫైటర్ల దగ్గర ఆయుధాలు తీసుకున్నారు, వాళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. మొదట్లో తప్పు చేశారు, అదీ చెప్పాలి. 2003 డిసెంబర్లో సరైన ఏర్పాట్లు లేకుండా మొదలుపెడితే వేలమంది ఒకేసారి వచ్చిపడి గొడవలై మనుషులు చచ్చిపోయారు, ఆపేసి మళ్ళీ 2004 ఏప్రిల్లో సరిగ్గా చేశారు.

గబగబా ఎన్నికలు పెట్టి పారిపోవడం అన్నది పచ్చి అబద్ధం. ఎన్నికలు రెండేళ్ళకి, 2005లో జరిగాయి, మిషన్ మాత్రం 2018 మార్చి దాకా ఉంది. పైగా పోర్టు, ఎయిర్‌పోర్టు లాంటి డబ్బులొచ్చే చోట్ల విదేశీ నిపుణుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ సంతకం కూడా పడితేగానీ ఖర్చు కదలకుండా చేశారు. మా దేశంలో మీ పెత్తనం ఏంటని అక్కడివాళ్ళు గొణిగారు, ఆ బాధ న్యాయమైనదే, కానీ ఖజానా దోచుకునే అలవాటుకి అడ్డుకట్ట కూడా అక్కడే పడింది.

ఇక "ఆ జనం మళ్ళీ కొట్టుకుంటారు" అన్న మాట చదివితే నాకు నిజంగా కోపమొచ్చింది. యుద్ధం ఆపమంటూ రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర క్రిస్టియన్, ముస్లిం ఆడవాళ్ళు కలిసి తెల్లబట్టలు కట్టుకుని ఎండనకా వాననకా కూర్చున్నారు. అక్రాలో చర్చలు సాగదీస్తుంటే హాలు తలుపుల దగ్గర చేతులు పెనవేసుకుని బైఠాయించి, ఒప్పందం తేల్చకుండా ఎవరూ బయటికి రావద్దన్నారు. అరెస్ట్ చేయబోతే వాళ్ళ నాయకురాలు లేమా బోవీ అక్కడే బట్టలు విప్పేస్తానంది, తల్లి వయసు ఆడమనిషి అలా చేస్తే శాపం తగులుతుందని అక్కడ నమ్మకం, సెక్యూరిటీ వాళ్ళు వెనక్కి తగ్గారు. బయటి సాయం నిలబడింది ఇలాంటి ఆడవాళ్ళు ముందుండబట్టే.

మనవాళ్ళని పంపడం దండగా? 2007 జనవరిలో మన సీఆర్‌పీఎఫ్ మహిళా దళం మన్రోవియాలో దిగింది, ఐరాస మిషన్లలో అందరూ ఆడవాళ్ళే ఉన్న మొదటి పోలీసు దళం అదే. రాత్రిళ్ళు గస్తీ తిరిగారు, అప్పటి అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ ఆఫీసుకి కాపలా కాశారు, 2016లో తిరిగొచ్చారు.

అసలు ఫెయిలైంది న్యాయం విషయంలో. యుద్ధ నేరాల కోర్టు పెట్టమని నిజనిర్ధారణ కమిషన్ 2009లోనే సిఫారసు చేస్తే, దానికి ఆఫీసు పెట్టే ఆర్డర్ మీద సంతకం పడింది 2024 మేలో. టేలర్‌కి 50 ఏళ్ళ శిక్ష పడింది కూడా పక్కన సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలకి. 1990లో శామ్యూల్ డో అనే అధ్యక్షుణ్ణి చిత్రహింసలు పెడుతూ వీడియో తీయించిన తిరుగుబాటు నాయకుడు ప్రిన్స్ జాన్సన్ 2005లో సెనేటర్‌గా గెలిచి, 2024లో పోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఫార్వర్డ్ రాసినవాళ్ళు ఈ పాయింట్ ఎత్తి ఉంటే నేను ఒక్క ముక్క కాదనేవాణ్ణి కాదు.