కుడికాలి బొటనవేలు వచ్చేలోగా

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు బారులు తీరిన ఊరు విశాఖ. ఒంటికాలి మీద నిలబడమంటే ఊరంతా నిలబడుతుంది. యోగనిద్ర అని వెల్లకిలా పడుకుని మెలకువగా ఉండమంటేనే చిక్కు.

బీచిలో యోగనిద్ర చేసే ఏ గుంపులోనైనా, స్టీల్‌ప్లాంటులో నైట్‌షిఫ్టులు చేసి రిటైరైన బాబాయిగారు ఒకరుంటారు. గాలి బాగా తగులుతుందని ఆయన తల సముద్రం వైపు పెడతారు. ఇసుక నీళ్ళ వైపు వాలి ఉంటుంది కదా, కాళ్ళు ఎత్తులోకీ తల పల్లంలోకీ పోయి 5 నిమిషాల్లో మొహం బరువెక్కుతుంది. తల రోడ్డు వైపు ఉండాలి. కాళ్ళ మధ్య అడుగున్నర ఎడం, చేతులు ఒంటికి జానెడు దూరం, అరచేతులు పైకి. నడుం పట్టేసేవాళ్ళు దుప్పటి చుట్టి మోకాళ్ళ కింద పెట్టుకోవాలి. బాబాయిగారు దాన్ని తలగడ చేసుకుంటారు. అక్కడికి సగం నిద్ర ఖాయం. మిగతా సగం, వచ్చే దారిలో తిన్న మురీ (మరమరాల) మిక్చర్ చూసుకుంటుంది. తిండికీ దీనికీ కనీసం 2 గంటలు ఎడం ఉండాలని ఎవరు చెప్పినా ఆయన దృష్టిలో మురీలు తిండి కాదు.

మనసులో సంకల్పం చెప్పుకోవడం అయ్యాక టీచరుగారు శరీరయాత్ర మొదలుపెడతారు, అంటే ఆవిడ పేరు చెప్పిన భాగం మీదికల్లా ధ్యాస తిప్పడం. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు... అరచేయి, మణికట్టు, మోచేయి, భుజం, చంక, నడుం, తొడ. యోగనిద్రకి ఈ రూపం ఇచ్చిన స్వామి సత్యానంద సరస్వతి పద్ధతిలో ఈ వరస మారదు. మనసు ఎక్కడా తిష్ఠ వెయ్యకుండా ఒక్కోచోటికి గెంతుతూ పోవాలి. అందుకే చకచకా చెప్పాలి. టీచరు మరీ సాగదీస్తే ఆ ఖాళీల్లోకి కునుకు దూరుతుంది. కుడికాలి బొటనవేలు వచ్చేలోగా బాబాయిగారి గురక అలల హోరుని దాటేస్తుంది. వెల్లకిలా పడుకుని కండరాలన్నీ వదిలేస్తే నాలుక వెనక్కి జారి గొంతులో దారి ఇరుకవుతుంది మరి. ఎడమచేతికి వెళ్ళాల్సిన అందరి ధ్యాసా ఆయన ముక్కు మీద వాలుతుంది.

తట్టి లేపితే, "నానేటీ పడుకోనేదమ్మా, నువ్వు చెప్పిందంతా ఇన్నాను" అంటారు.

"ఏం విన్నారు బాబాయిగారూ?"

"కుడిచేతి బొటనవేలు."

దీనికో ఉపాయం ఉంది. మోచేయి నేలకి ఆనించి ముంజేయి నిటారుగా నిలబెట్టి ఉంచాలి. కునుకు పట్టగానే కండరం పట్టు వదిలేసి చెయ్యి దబ్బున పడుతుంది, మెలకువ వస్తుంది. ఎవరికన్నదే ప్రశ్న. ఆ చెయ్యి పక్కచాప మాస్టారి పొట్ట మీద పడితే ఉలిక్కిపడేది మాస్టారే, బాబాయిగారు కాదు. చాపకీ చాపకీ మధ్య 3 అడుగులైనా వదలమనేది అందుకే.

అలా దిగ్గున లేస్తే రక్తపోటు ఒక్కసారిగా తగ్గి కళ్ళు తిరగొచ్చు. మోకాళ్ళు మడిచి, కుడిపక్కకి ఒత్తిగిలి, నాలుగైదు శ్వాసలు తీసుకుని, చేతుల మీద బరువు మోపి లేవాలి. టీచరుగారు అదే చెబుతుంటారు. మాస్టారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటుంటారు.