బొమ్మల పుస్తకం పిల్లలకేనా?

ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా మన తెలుగు ఇళ్లలో పిల్లలకు జాగ్రత్తలు బాగానే చెబుతాం. పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు, నూతిలోకి తొంగి చూడొద్దు, తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దు. ఒంటిని ఎవరు తాకొచ్చు, ఎవరు తాకకూడదు అనే సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. మనం చెప్పలేని ఆ మాటను మూడు నాలుగేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకం చెప్పగలదు. అంగన్‌వాడీల్లో, ప్రాథమిక బడుల్లో అలాంటి పుస్తకాలు ఉండాలని మేము కోరుతున్నాం. అయితే వాటిని ముందు పెద్దవాళ్లు చదవాలి.

తెలియనివాళ్ల గురించి హెచ్చరించి ఊరుకుంటే చాలదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో అధ్యయనం చేయించింది. అందులో 53 శాతం మంది పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. పిల్లల్లో ఎక్కువ మంది ఎవరికీ చెప్పుకోలేదు. ఈ లెక్కలు పాతవే. కానీ 'మన ఇంట్లో అలాంటివి ఉండవు' అనే ధీమా అంతకన్నా పాతది.

మంచి పుస్తకం భయపెట్టదు. చక్కిలిగింతలు పెడుతుంటే పాప 'చాలు' అంటుంది, నాన్న వెంటనే ఆపేస్తాడు. మూడేళ్ల పిల్లకు ఆ ఒక్క పేజీ చాలు. చెడ్డీ కింద ఉండే భాగాలకూ పేర్లుంటాయని, స్నానం చేయించేటప్పుడో, అమ్మ పక్కనుండగా డాక్టరు చూసేటప్పుడో తప్ప వాటిని ఎవరూ తాకకూడదని మరో పేజీ. 'ఎవరికీ చెప్పకు' అని ఎవరైనా అంటే తప్పకుండా చెప్పాల్సింది అదేనని ఇంకో పేజీ. ఏడాదికోసారి మైకు పట్టుకుని చెప్పే 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' ఉపన్యాసం కన్నా, రోజూ ఒడిలో తిరగేసే పుస్తకం మీదే మాకు నమ్మకం.

ఇక్కడే పెద్దవాళ్లకు చిక్కు. చుట్టం బుగ్గ గిల్లబోతే పిల్ల తల తిప్పుకుంటుంది. 'మావయ్యకి ముద్దు పెట్టకపోతే ఎలాగే?' అంటూ అమ్మే ముందుకు తోస్తుంది. పుస్తకం 'వద్దు అనొచ్చు' అంటోంది, ఇల్లేమో 'అనకూడదు' అంటోంది. పిల్ల ఇంటి మాటే వింటుంది. ముద్దు బదులు నమస్కారం పెట్టిస్తే మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు. మావయ్య నొచ్చుకుంటే ఆయనకు సర్దిచెప్పాల్సింది పెద్దవాళ్లే.

పుస్తకం ఏ భాషలో ఉండాలి? ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా వినే పిల్లలు రాయగడ, గజపతి జిల్లాల్లో ఎంతోమంది. ఒంటి గురించి, సిగ్గు గురించి, భయం గురించి చెప్పుకోవాలంటే వాళ్లకు నోటికొచ్చేది ఇంటి భాషే. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాష సవరలోనే చదువు చెప్పాలని పాఠపుస్తకాలు తయారుచేశారు. ఒడిశా ప్రభుత్వం కూడా 21 గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు రూపొందించింది. ఆ అనుభవం ఉన్న ప్రభుత్వానికి పదహారు పేజీల బొమ్మల పుస్తకాన్ని తెలుగులో, సవరలో, కోందుల భాష కువిలో వేయడం పెద్ద భారం కాదు.

పిల్ల నోరు విప్పాక ఏం చేయాలో పెద్దవాళ్లకు తెలియకపోతే పుస్తకం ఉండీ లాభం లేదు. 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పోతుందని ఇరు కుటుంబాలూ కూర్చుని రాజీ చేసుకోవడానికి అక్కడ చోటు లేదు. ఫిర్యాదు రాసుకునే భాష పిల్లకు అర్థం కాకపోతే అనువాదకుణ్ని ఏర్పాటు చేయాలని 19వ సెక్షన్ చెబుతోంది. సరిహద్దు జిల్లాల స్టేషన్లలో తెలుగు, సవర తెలిసినవాళ్ల జాబితా సిద్ధంగా ఉందో లేదో కలెక్టర్లు ఇప్పుడే చూసుకోవాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి పుస్తకం అట్ట మీదా ఉండాలి.

తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం నెలనెలా జరిగే మమతా దివస్‌లో అంగన్‌వాడీ కార్యకర్త ఈ పుస్తకాన్ని తల్లులకు చదివి వినిపించవచ్చు. తండ్రుల సంగతే కష్టం. గంజాం నుంచి ఎంతోమంది సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు, పిల్లలు తాతల దగ్గరో బాబాయిల దగ్గరో పెరుగుతారు. ఆ తండ్రులు సెలవుకు ఊరొచ్చే రోజుల్లోనే ఒక పూట అంగన్‌వాడీలో సమావేశం పెట్టి, తాతలనూ బాబాయిలనూ కూడా పిలవాలి.