"ఎవరేం తెస్తున్నారు" షీట్ గారికి ఒక బహిరంగ లేఖ

షీట్ గారూ,

నమస్కారం. మీరు క్షేమమేనని తెలుసు, మీకేం అండీ, మా క్యాంపింగ్‌కి ఎవరేం తేవాలో రాసుకున్న ఆన్‌లైన్ పట్టిక కదా, క్లౌడ్‌లో ఉంటారు కానీ తడవరు. తడిసింది మేము. నిన్న రాత్రి ఇల్లు చేరి, గరాజ్‌లో టెంట్ ఆరేసి, నడుముకి బామ్ రాయించుకుని ఇది టైప్ చేస్తున్నా, కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మీ పుట్టుపూర్వోత్తరాలు మీకు గుర్తున్నాయో లేదో. జనవరిలో ఒక రోజు పొద్దున్నే ఏడింటికి, ఐదిళ్ళవాళ్ళం ఐదు లాప్‌టాప్‌లు ముందేసుకుని తత్కాల్ టికెట్‌కి కూర్చున్నట్టు కూర్చున్నాం, ఎందుకంటే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో కలాలాక్ క్యాంప్‌గ్రౌండ్‌కి జులైలో సైట్, అంటే టెంట్ వేసుకునే జాగా, కావాలంటే ఆరు నెలల ముందు కొట్టాల్సిందే. సైట్‌కి 8 మందే, మేం పిల్లాపాపలతో 19, అంటే మూడు సైట్లు. దొరికాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మా రావులపాలెం బావ దాన్ని "కలలోచ్" అని చదివాడు, కలలోనే దొరుకుద్ది కాబట్టి ఆ పేరు పెట్టుంటారని వివరణ కూడా ఇచ్చాడు. అక్కడివాళ్ళు క్లే-లాక్ అంటారని తర్వాత తెలిసిందిలెండి. అక్కడి ఆదివాసులు క్వినాల్ట్ వాళ్ళ భాషలో దిగడానికి మంచి చోటు అని అర్థమట. వాళ్ళు పడవల్లో దిగారు. మేం నాలుగు కార్లూ, రెండు కూలర్లూ, ఒక ఇడ్లీ కుక్కర్‌తో దిగాం.

సైట్లు దొరికిన గంటలోపే మీరు పుట్టారు. మొదట పదకొండు వరుసలు. జులై వచ్చేసరికి అరవై రెండు. పులిహోర, రెండు రకాల దోసెల పిండి, మసాలా పట్టించిన చికెన్ 12 పౌండ్లు, బజ్జీలకి శనగపిండి, మూడు కారప్పొళ్ళు, నాలుగిళ్ళ నుంచి నాలుగు సీసాల గోంగూర పచ్చడి (ఎవరి గోంగూర వాళ్ళదే, ఈ విషయంలో రాజీ ఉండదు). నా పేరు ఎదురుగా ఉల్లిపాయలు, 10 పౌండ్లు. బాధ్యతగా తెచ్చాను, ఆ మాట మీరు కాదనలేరు.

కానీ మీలో "ఎవరైనా" అని ఒకాయన ఉన్నాడు చూశారా, ఆయన గురించే ఈ గొడవంతా. లైటర్, ఎవరైనా. సుత్తి, ఎవరైనా. టార్పాలిన్, ఎవరైనా. టార్చ్ బ్యాటరీలు, ఎవరైనా. పందొమ్మిది మందిలో ఎక్కువ పనులు నెత్తినేసుకున్నది ఆయనే, తీరా చూస్తే ఆయన ఏ కారూ ఎక్కలేదు.

సియాటిల్ నుంచి అబర్దీన్ మీదుగా 101 హైవే పట్టుకుంటే మూడు గంటల పైచిలుకు దారి, మన లెక్కలో టీలూ టాయిలెట్లూ కలిపి ఐదున్నర. క్వినాల్ట్ సరస్సు దాటాక ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో చూస్తే ఏమీ లేదు. అప్పుడు తెలిసింది షీట్ గారూ మీ అసలు స్వరూపం, ఆరు నెలలు రోజుకి నాలుగుసార్లు నోటిఫికేషన్లు పంపి తీరా అడవిలో అవసరపడ్డప్పుడు తెల్లమొహం వేశారు, మిమ్మల్ని ఆఫ్‌లైన్‌లో దాచుకోవడం ఎవరి పని అంటారా, ఇంకెవరు, ఎవరైనా!

సుత్తి లేదు కాబట్టి టెంట్ మేకుల్ని అల్లం దంచుకునే రోకలి బండతో కొట్టాం. పని జరిగింది, కానీ రెండు రోజులు టీలో ఇసుక తగిలింది. లైటర్ సంగతి ఇంకా ఘోరం. కట్టెలు దారిలోనే కొన్నాం, బయట కట్టెలతో పురుగులొస్తాయి ఊరి దగ్గరే కొనండని పార్క్‌వాళ్ళు చెప్తారు కదా, ఆ ఒక్కటీ పద్ధతిగా చేశాం. వెలిగించేదేది? మా వదిన పక్క సైట్‌లో ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళని లైటర్ అడిగి తెచ్చింది. వాళ్ళ దగ్గర రెండు మడత కుర్చీలు, ఒక చిన్న స్టవ్, ఒక సూప్ గిన్నె. అంతే. వాళ్ళకి షీట్ ఉన్నట్టు లేదు. మేం ఎండుమిర్చి పోపు వేసేసరికి పాపం ఇద్దరూ దగ్గుకుంటూ కుర్చీలు ఎత్తుకుని బీచ్‌కి వెళ్ళిపోయారు, తర్వాత బజ్జీలు పంపి క్షమాపణ చెప్పుకున్నాంలెండి.

ఇప్పుడు అసలు విషయం. వాళ్ళు బీచ్‌కి వెళ్ళింది దగ్గుకి మాత్రమే కాదు, సూర్యాస్తమయానికి. మనం బాపట్ల, బందరు, వైజాగ్ ఎక్కడ పుట్టినా సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడమే చూసినవాళ్ళం. ఇక్కడ పసిఫిక్‌లోకి దిగిపోతాడు, అదీ జులైలో రాత్రి తొమ్మిది దాటాక. మా సైట్ నుంచి గట్టు అంచుకి నడిస్తే రెండు నిమిషాలు. సిట్కా స్ప్రూస్ చెట్లు, కొన్నిటి మొదళ్ళకి గుమ్మడికాయలంత బొడిపెలు, వాటి సందుల్లోంచి ఆకాశం కుంకుమ కలిపినట్టు అయిపోయింది. ఆ టైమ్‌కి పదిహేడు మంది పెద్దలూ పిల్లలూ బిర్యానీ గిన్నె మూత వెతుకుతున్నాం. మూత మీలో 44వ వరుసట, ఒకావిడ ఒట్టేసి చెప్పింది. ఆ మూత ఎవరో గొడుగు కింద పెట్టారు, అది దొరికేసరికి బయట చీకటి. చూసింది ఇద్దరే, మా బాపట్ల అత్తయ్యగారూ మా చిన్నదీ. ఎలా ఉందమ్మా అంటే "చుయ్‌మంటుందేమో అనుకున్నా, చప్పుడే లేదు నాన్నా" అంది.

పది దాటితే క్వైట్ అవర్స్, చప్పుడు చేయకూడదని రేంజర్ వచ్చి మర్యాదగా చెప్పి వెళ్ళాడు. అంత్యాక్షరి "ణ" దగ్గర ఆగిపోయింది, ఎలాగూ ఆగేదే. తిండి వస్తువులు కార్లో పెట్టి తాళం వేయమనీ చెప్పాడు. ఆ పని ఎవరు చేయాలో మీకు తెలుసు. అర్ధరాత్రి రకూన్ వచ్చింది, మొహానికి దొంగ గంత, చేతులకి మనిషి వేళ్ళు, కూలర్ మూత మనకన్నా నేర్పుగా తీసింది. ఆ తీరం వెంబడి కాలినడకన తిరిగి క్యాంపింగ్ చేసేవాళ్ళు తిండిని గట్టి డబ్బాల్లో పెట్టుకునేది ఎక్కువగా ఈ మహానుభావుల భయానికే. సున్నుండలన్నీ తిన్నది, గోంగూర వాసన చూసి వదిలేసింది. నలుగురు ఆడవాళ్ళకీ అదొక్కటే బాధ, ఎవరి సీసాని వాసన చూసిందో తేలలేదు.

తెల్లారుజామున వాన. దగ్గర్లోనే ఉన్న హో రెయిన్ ఫారెస్ట్‌లో ఏడాదికి సుమారు 140 అంగుళాలు పడుతుంది, హైదరాబాద్‌కి నాలుగేళ్ళ కోటా. అరవై రెండు వరుసల్లో వాన అనే మాట లేదు. పోటు టైమ్ చూసుకోవాలన్న మాటా లేదు, ఒడ్డున కొట్టుకొచ్చిన మానుల్ని అల ఒక్కసారి లేపి మనిషి మీదకి దొర్లిస్తుందని బోర్డులు పెట్టి మరీ చెప్తారు, ఆ మానుల మీదే మా పిల్లలు కోతికొమ్మచ్చి ఆడుతుంటే పెద్దవాళ్ళం దోసెలు పల్చగా రావట్లేదని పెనం చుట్టూ చర్చిస్తున్నాం.

వచ్చేముందు ఆ చెట్టు కూడా చూశాం, కింద మట్టంతా చిన్న వాగు కోసుకుపోతే రెండు పక్కల గట్లని వేళ్ళతో పట్టుకుని గాల్లో నిలబడింది, పైన ఆకు పచ్చగానే ఉంది. ట్రీ ఆఫ్ లైఫ్ అంటారు. బావ కాసేపు చూసి, "అచ్చం మన వీసాల్లాగే ఉందిరా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అందరం ఫోటోలు దిగాం.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, పొద్దున్నే వచ్చే ఏడాదికి మీ తమ్ముడు పుట్టాడని నోటిఫికేషన్ వచ్చింది. తెరిచి చూశాను. మొదటి వరుసలో గోంగూర. రెండో వరుసలో మా చిన్నది వాళ్ళమ్మ ఫోన్లోంచి "సన్‌సెట్" అని పెట్టింది. ఎదురుగా పేరు ఖాళీగా ఉంది. నేను ఉల్లిపాయలు వెతుక్కుని వెనక్కి వచ్చేలోపు ఎవరో అందులో "ఎవరైనా" అని నింపేశారు.

ఇట్లు,
19వ వరుస (ఉల్లిపాయలు, 10 పౌండ్లు)